ఏడాది నిండేదాకా జత

ఆ ఫోటోలో మడతక్క రెండు చేతులూ పైకి లేచి ఉన్నాయి. కళ్ళు మూసుకుని, గడ్డం కాస్త ఎత్తి, దూరం నుంచి ఎవరో పిలుస్తుంటే చెవి ఒగ్గి వింటున్న మనిషిలా ఉంది. లాండ్రీ మేనేజరు ఆ ఫోటోని బల్ల మీద ఆవిడ వైపు తిప్పి పెట్టి, కుడి చేతి దగ్గర పెన్ను మూతతో రెండుసార్లు తట్టాడు.

"భుజం పైకి లేవదని డాక్టరు దగ్గర ఏడ్చిన చెయ్యి ఇదేనా అమ్మా?"

మడతక్కకి మొదట కోపం కూడా రాలేదు. ఇంత చిన్న విషయానికి ఇంత హడావుడి ఎందుకా అనుకుంది. ఆ రోజు గుడిలో, అదే చర్చిలో, పాట పాడుతుంటే పక్కన నిలబడ్డామె తన మోచెయ్యి కింద అరచెయ్యి పెట్టి మెల్లగా పైకి లేపిందనీ, ఫోటో మోచేతుల పైనుంచే ఉంది కాబట్టి ఆ చెయ్యి కనబడటం లేదనీ చెప్పింది. కావాలంటే ఆమెనే పిలిచి అడగమంది.

మేనేజరు నవ్వలేదు. నవ్వినా కొంత నయంగా ఉండేది. ఫైలు తిరగేసి అడుగున ఉన్న కాగితం పైకి తీశాడు.

"అడగక్కర్లేదమ్మా. ఈ రిపోర్టు రాసిందే ఆమె. 'ఎవరి సాయమూ లేకుండా' అని రాసి సంతకం కూడా పెట్టింది."

మడతక్క ఆ కాగితం చదివింది. తను ఎడమ చేత్తో సగం బకెట్ మోస్తాననీ, తల దువ్వుకోవడానికి మెడ పక్కకి వంచుతాననీ, మొగుడికి తెలియకుండా ఒకసారి కిటికీ అద్దాలు తుడవబోయి నొప్పితో కూలబడ్డాననీ ఆమె ఒక్కదానితోనే చెప్పుకుంది. అవన్నీ అందులో ఉన్నాయి, కూలబడ్డ సంగతి తప్ప.

పదకొండేళ్ళుగా ఆవిడ ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేస్తోంది. ఆవిడ మడతపెట్టిన దుప్పటి అంచులు కత్తితో కోసినట్టు ఉంటాయని తోటివాళ్ళు మడతక్క అని పేరు పెట్టారు. ఆ పేరే చివరికి ఇంటా బయటా నిలిచిపోయింది. తడి దుప్పటి రెండు కొసలూ ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకుని వేడి రోలర్ల మధ్యకి అందించాలి. ఒక రోజు దుప్పటి అడ్డం తిరిగి, రోలరు దాన్ని లాక్కుంటూ ఆవిడ చేతిని కూడా లాక్కుంది. ఎవరో మీట నొక్కి ఆపబట్టి చెయ్యి దక్కింది. భుజం మాత్రం పూర్తిగా దక్కలేదు. అప్పట్నుంచి కుడి చెయ్యి భుజం ఎత్తు దాకా వెళ్ళి అక్కడ ఆగిపోతుంది. రోలరు దగ్గర కాకుండా మడత బల్ల దగ్గర కూర్చోనివ్వమని ఆవిడ అడిగింది. అడిగింది అంతే. పదకొండేళ్ళలో ఆవిడ నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది. యాజమాన్యానికి వెంటనే అనుమానం వచ్చింది. ఒళ్ళు వంచి పనిచేసినన్నాళ్ళూ మనిషి పైవాళ్ళ కంటికి ఆనదు. ఒక్కరోజు కూర్చుంటానంటే చాలు, ఒళ్ళు దాచుకుంటోందంటారు. నిజమేదో కూపీ లాగమని ఒక విచారణ సంస్థని పెట్టుకున్నారు.

ఆ సంస్థ పంపిన మనిషి వానలో నీలం గొడుగు వేసుకుని, ఒక తమ్ముణ్ణి వెంటబెట్టుకుని గుడికి వచ్చింది. ఆ రోజు నుంచి అందరికీ ఆమె గొడుగమ్మాయి. ముప్ఫై ఏళ్ళు ఉంటాయేమో, ఈ ఊరికి కొత్తనీ, తమ్ముడు తప్ప నా అనేవాళ్ళు లేరనీ చెప్పింది. తమ్ముడికి ఫోటోల పిచ్చి. వేదిక పక్క బల్ల మీద కూర్చుని కనబడ్డ ప్రతిదాన్నీ తీసేవాడు. ముసలమ్మలు అతని కోసం తల సవరించుకుని మరీ కూర్చునేవాళ్ళు.

ఆ గుడిలో ఒక పద్ధతి ఉంది. ఏడాది మొదటి ఆదివారం అందరి పేర్లూ చీటీల మీద రాసి రేకు డబ్బాలో వేస్తారు. ఎవరికి ఎవరి చీటీ వస్తే వాళ్ళిద్దరూ ఏడాది పొడుగునా ప్రార్థన జత. ఆదివారం పక్కపక్కనే నిలబడాలి. వారానికోసారి ఒకరింటికొకరు వెళ్ళి, ఉన్న కష్టం ఉన్నట్టు చెప్పుకుని ప్రార్థన చేసుకోవాలి. ఒకరు మంచాన పడితే రెండోవారు వెళ్ళి గిన్నెలు తోమాలి. పోట్లాడుకోవచ్చు గాని ఏడాది నిండేదాకా విడిపోవడానికి లేదు. ఒక ఏడాది, ఇరవై ఏళ్ళుగా మాటల్లేని ఇద్దరు రిటైరైన గుమాస్తాలకి జత పడింది. వారం వారం ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. ఒకాయన "దేవా, ఎదుటివాడికి బుద్ధి ప్రసాదించు" అంటే, రెండో ఆయన "ఆమెన్, అడిగినవాడితో మొదలుపెట్టు" అనేవాడట. అయినా ఒక్క వారం తప్పలేదు.

గొడుగమ్మాయికి ఆ ఏడు ఒక చెవిటి ముసలావిడ పడింది. మడతక్కకి పడినావిణ్ణి ఆమె ఎలా మాట్లాడి ఒప్పించిందో గాని, గుడి మెట్లు దిగేలోగా చీటీలు మారిపోయాయి. చీటీ మార్చకూడదని ఒకరిద్దరు గొణిగారు. కానీ ఆమె చాలా నెమ్మదిగా మాట్లాడేది. నెమ్మదిగా మాట్లాడేవాళ్ళని నమ్మినంత తొందరగా ఈ జనం నిజం మాట్లాడేవాళ్ళని నమ్మరు.

ఎనిమిది నెలలు గురువారం గురువారం ఇద్దరూ కలుసుకున్నారు. మడతక్క తన భుజం గురించి చెప్పుకుంది. పిల్లలు లేని బెంగ గురించి చెప్పుకుంది. గుడిలో అందరూ చేతులెత్తి పాడుతుంటే తన చెయ్యి సగంలో ఆగిపోవడం చూసుకుని సిగ్గుపడతానని కూడా చెప్పుకుంది. మరుసటి ఆదివారమే గొడుగమ్మాయి ఆ మోచెయ్యి కింద తన చెయ్యి పెట్టింది. వేదిక పక్క బల్ల మీంచి తమ్ముడు ఫోటో తీశాడు.

ఫోటో బయటపడ్డ రెండో రోజున లాండ్రీ గోడ మీద నోటీసు అంటించారు. అబద్ధపు జబ్బు చూపి యాజమాన్యాన్ని మోసగించబోయినందుకు ఫలానా ఉద్యోగిని తొలగించడమైనది. పదకొండేళ్ళు పక్కన నిలబడి దుప్పటి రెండో కొస పట్టుకున్నామె ఆ నోటీసు చదివి, బజారులో మడతక్క ఎదురైతే తల తిప్పుకుంది. మడతక్క ఇంకో చోట చిన్న పని చూసుకుంది. దర్జీ దుకాణంలో కుట్టిన బట్టలు మడతపెట్టే పని. పని పోయినందుకు ఆవిడ అంతగా కుమిలిపోలేదు. అబద్ధాలకోరు అన్న మాట మాత్రం గొంతులో ముల్లులా దిగబడిపోయింది. తిన్నా గుచ్చుకునేది, మాట్లాడినా గుచ్చుకునేది.

గొడుగమ్మాయీ తమ్ముడూ మళ్ళీ గుడికి రాలేదు. పాస్టరుగారు మడతక్కని పక్కకి పిలిచి, ఆ జత చెల్లదనీ, మోసం మీద కట్టింది జతే కాదనీ, చెవిటి ముసలావిడ జతలో మూడో మనిషిగా చేరి మిగిలిన నాలుగు నెలలూ గడిపెయ్యమనీ చెప్పారు.

మడతక్క వెంటనే ఒప్పుకోలేదు. బైబిల్లో, దూరదేశం నుంచి వచ్చామని నమ్మించడానికి బూజు పట్టిన రొట్టెలూ చినిగిన చెప్పులూ చూపించి మాట తీసుకున్నవాళ్ళ సంగతి పోయిన వేసవిలో మీరే కదా ప్రసంగం చేశారు, మోసం తెలిశాక కూడా మాట ఇచ్చినవాళ్ళు మాట తప్పలేదని మీరే కదా చెప్పారు అంది. పాస్టరుగారు ప్రసంగం వేరు, ఇది వేరు అనబోయి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అది అబద్ధంగా జత కట్టింది పాస్టరుగారూ. నేను నిజంగానే కట్టాను. దాని సగం అబద్ధమైతే నా సగం ఎందుకు అబద్ధం కావాలి?"

ఇంట్లో మొగుడు ఇంత సులువుగా తగ్గలేదు. ఆయన బస్సు డ్రైవరు. దారికి అడ్డం వచ్చినవాళ్ళని తిట్టడం అలవాటైన నోరు.

"ఆమె నీ కొంప ముంచింది. నువ్వెళ్ళి ఆమె కొంప ఊడ్చి వస్తావా?" అన్నాడు. తర్వాత కాస్త మెత్తబడి, వెళ్తే వెళ్ళు గాని ఊరికే రావద్దన్నాడు. ఆ మోచెయ్యి పట్టుకున్నది నేనేనని ఆమె చేత ఒక్క ముక్క రాయించుకురమ్మన్నాడు. ఒక్క ముక్క చాలు, ఆ నోటీసు గోడ మీదనుంచి పీకించవచ్చు.

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అందుకే ఆ మాట మడతక్కని ఎక్కువ బాధపెట్టింది. ఆ మాట ఆయన అనకముందే తన మనసులో ఉంది.

గొడుగమ్మాయి గది సైకిల్ దుకాణం మీద మూడో అంతస్తు. గురువారం సాయంత్రం మడతక్క మెట్లెక్కి తలుపు తట్టింది. లోపల ఏదో కదిలిన చప్పుడు వినబడింది. తలుపు తెరుచుకోలేదు. ఆవిడ మెట్టు మీద కూర్చుని, ఆ వారం తన కష్టాలేవో తలుపుకి చెప్పి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి దిగిపోయింది. రెండో గురువారమూ అంతే. మూడో గురువారం రెండో అంతస్తు ఆయన పైకి వచ్చి, మీరు ఏ బాకీ వసూలుకి వచ్చారో గాని ఇంత మర్యాదగా వసూలు చేసేవాళ్ళని నేనెప్పుడూ చూడలేదన్నాడు. మడతక్కకి చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

నాలుగో గురువారం తలుపు తెరుచుకుంది. గొడుగమ్మాయి గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి ఉంది. రెండో కాలికి తొడ దాకా పిండికట్టు. స్కూటరు మీద ఇంకెవరి వెంటో పడి వెళ్తుంటే మలుపులో జారిందట. తమ్ముడు తమ్ముడు కాదు, సంస్థలో తోటి ఉద్యోగి. వేరే ఊళ్ళో వేరే అక్కకి తమ్ముడుగా వెళ్ళిపోయాడు. గదిలో వారం నాటి గిన్నెలున్నాయి. కిటికీ అంచున గట్టిపడ్డ రొట్టె ముక్కలున్నాయి. ఆమె చెప్పిన అబద్ధాల్లో నా అనేవాళ్ళు లేరన్న ఒక్క మాటే నిజమని మడతక్కకి అర్థమైంది.

"దేనికొచ్చారో చెప్పండి. కాగితం రాయించుకోడానికేగా?" అంది గొడుగమ్మాయి. ఆ నెమ్మదైన గొంతు ఎటు పోయిందో గాని, ఇది వేరే గొంతు.

మడతక్క మెట్ల మీద నాలుగు వారాలుగా ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటోంది. కాదు అంటే అబద్ధం. అవును అంటే జత కాదు, బేరం. ఆ కాగితం కోసం మంచిగా ఉంటూ గిన్నెలు తోమితే, గొడుగు వేసుకుని వచ్చినామెకీ తనకీ తేడా ఏముంది? అందుకని ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

"నువ్వు రాసిచ్చినా ఇవ్వకపోయినా ఏడాది నిండేదాకా వస్తాను. రాసివ్వమని నా నోటితో అడగను. కానీ నువ్వు రాసిస్తే బాగుండునని నాకు ఉంది. ఎక్కేటప్పుడు ప్రతి మెట్టుకీ ఉంది. అది కడుపులో దాచుకుని నీ దగ్గర కూర్చోవడం నా వల్ల కాదు. ఇప్పుడు చెప్పేశాను. గిన్నెలు ఎక్కడున్నాయి?"

గొడుగమ్మాయి తలుపు వేసెయ్యమంది. మడతక్క లోపలికి వచ్చి వేసింది. బయటి నుంచి వెయ్యమన్నానంది. అలాగేలే, వెళ్ళేటప్పుడు అలాగే వేస్తానంది మడతక్క, అప్పటికే కుళాయి తిప్పుతూ.

ఆ తర్వాత వారాలు అంత సాఫీగా ఏమీ గడవలేదు. మంచితనం ఎదుటివాణ్ణి ఇట్టే కరిగించేస్తుందని రాసేవాళ్ళు ఎవర్నీ దగ్గరగా చూసి ఉండరు. గొడుగమ్మాయి ఒక వారం దుప్పటి ముసుగు తన్ని పడుకుంది. ఒక వారం, ఇదంతా నన్ను సిగ్గుతో చంపడానికే కదూ అని అరిచింది. మడతక్కకి కూడా ఓపిక నశించి, నీ సిగ్గు నీ సొంత వ్యవహారం, నా చీపురుకి అడ్డం లే అని విసుక్కుంది. ప్రార్థన వేళకి గొడుగమ్మాయి కిటికీ వైపు తిరిగి కూర్చునేది. మడతక్క ఒక్కర్తే తన కష్టమూ చెప్పి, ఆమె కాలి కష్టం కూడా తనే చెప్పి, రెండు ఆమెన్లూ తనే అనేది. ఇంటికెళ్ళాక మొగుడు కాగితం సంగతి అడిగేవాడు. లేదంటే పళ్ళు నూరేవాడు. మరుసటి గురువారం మాత్రం డ్యూటీ దిగి వస్తూ, ఆ కాలు విరిగినదానికి ఇవ్వమని పళ్ళ సంచి ఒకటి చేతిలో పెట్టేవాడు. పెట్టి, నేనిచ్చానని చెప్పకు అనేవాడు.

ఒక రోజు గొడుగమ్మాయి, తను ఈ పని మొదలుపెట్టి ఆరేళ్ళయిందనీ, ఇప్పటికి పద్నాలుగు ఇళ్ళలో స్నేహం చేశాననీ, తప్పు చేసినవాళ్ళని పట్టించినప్పుడు గర్వంగా కూడా ఉండేదనీ చెప్పింది. మీ ఇంట్లో ఎనిమిది నెలలు వెతికినా ఏమీ దొరకలేదు, ఏమీ దొరకలేదని రాస్తే సంస్థవాళ్ళు ఊరుకోరు, అందుకని ఆ ముక్క రాశానంది. క్షమించమని అడగలేదు. మడతక్క కూడా క్షమించానని అనలేదు. ఆ మాట విని, ఉతుకుతున్న దిండు గలీబుని మూడుసార్లు ఎక్కువ పిండింది.

పిండికట్టు విప్పిన వారం మడతక్క వెళ్ళేసరికి గదికి తాళం వేసి ఉంది. ఆవిడ మెట్టు మీద కూర్చుని చాలాసేపు చూసింది. పోయింది, అంతేనా అనుకుంది. అనుకున్నంత బాధ కలగలేదు. కాగితం కోసం రాలేదన్న సంగతి ఆ ఖాళీ మెట్టు మీద తనకి తనే రుజువైంది. ఆ సాయంత్రం మొదటిసారి గొంతులో ముల్లు గుచ్చుకోకుండా గుటక దిగింది.

మరుసటి రోజు ఉదయం లాండ్రీ నుంచి కబురొచ్చింది. మేనేజరు ఈసారి కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. అతని ముందు రెండు కాగితాలున్నాయి. ఒకటి గొడుగమ్మాయి చేత్తో రాసిన వాంగ్మూలం. మోచెయ్యి కింద ఉన్న చెయ్యి తనదేననీ, ఎవరి సాయమూ లేకుండా అని రాసింది అబద్ధమనీ, ఆ అబద్ధానికి తనే బాధ్యురాలిననీ ఉంది. రెండోది అసలు ఫోటో, కత్తిరించకముందుది. అందులో కింద సగం కూడా ఉంది. మడతక్క మోచేతి కింద సన్నటి వేళ్ళు ఐదూ స్పష్టంగా ఉన్నాయి.

"నిన్న కర్ర ఊతతో వచ్చిందమ్మా. తీసుకోనంటే గంటన్నర కదల్లేదు," అన్నాడు మేనేజరు, తన తప్పేమీ లేనట్టు కిటికీ బయటికి చూస్తూ. కిందనున్న ఆడవాళ్ళందరి ముందూ ఈ కాగితాన్ని గట్టిగా చదివి వినిపించింది కూడానట. నోటీసు తీసేశాం, మడత బల్ల దగ్గర కుర్చీ వేయించాం, సోమవారం నుంచి రండి అన్నాడు. క్షమాపణ మాట అతని నోటికి రాలేదు. మడతక్క దానికోసం ఆగలేదు.

కిందికి దిగుతుంటే రోలరు దగ్గరి తోటిది పరుగెత్తుకుని వచ్చి, ఆవిడ ఎడమ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. మడతక్క ఆమె వీపు తట్టి బయటికి వచ్చింది. బస్సు కోసం నిలబడ్డాక ఉన్నట్టుండి నవ్వు మొదలైంది. ఆపుకుందామంటే ఆగలేదు. పక్కన నిలబడ్డవాళ్ళు రెండడుగులు జరిగారు. నెలల తరబడి భుజాల మీద పడ్డ బరువేదో ఎవరో వచ్చి ఎత్తుకెళ్ళినట్టు, ఒళ్ళంతా దూదిపింజ అయిపోయింది. వచ్చిన బస్సు మొగుడిదే. ఆవిడ మొహం చూసి, ఏమైందని అడక్కుండానే, ఆయన రెండుసార్లు హారన్ మోగించాడు. ఎవరూ అడ్డం లేకపోయినా.

గొడుగమ్మాయి ఉద్యోగం పోయింది. పోతుందని తెలిసే వెళ్ళింది. దూరపు ఊళ్ళో చేతిరాత కాగితాలు టైపు చేసే పని దొరికితే వెళ్ళిపోతున్నానని కబురు పంపింది. బస్టాండుకి మడతక్క వెళ్ళింది. ఏడాది నిండటానికి ఇంకా మూడు వారాలున్నాయి.

బెంచీ మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. మీ దేవుడి మీద నాకు నమ్మకం ఉందో లేదో ఇప్పటికీ తెలియదు, ఉందని చెప్తే మళ్ళీ ఏదో నటిస్తున్నట్టు ఉంటుందని భయం అంది గొడుగమ్మాయి. తెలియనప్పుడు తెలియదనే చెప్పు, ఆయనకి అది చాలు అంది మడతక్క. బస్సు వచ్చింది. కర్ర ఊతతో మెట్టెక్కడానికి ఆమె తడబడితే, మడతక్క బాగున్న చేత్తో వీపు వెనక ఆసరా ఇచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికాక గొడుగమ్మాయి బయటికి వంగింది.

"ఇంకెవర్నీ ఇలా నమ్మకు అక్కా. అందరూ తిరిగొచ్చి నిజం చెప్పరు."

"చెప్పకపోతే అది వాళ్ళ తంటా," అంది మడతక్క. "నువ్వు దిగగానే ఫోన్ చెయ్యి. చెయ్యకపోయినా ఏం పర్లేదు, గురువారం నేనే చేస్తాను."